అరువిచ్చిన హస్తవాసి

అసిస్టెంటును పెట్టుకోవడమంటే కోరి సవతిని తెచ్చుకోవడమేనని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, డాక్టర్ కుముదిని ఆ ప్రకటన ఇచ్చేదే కాదు.

మండపేటలో ఆమె ఆసుపత్రి మరీ పెద్దదేం కాదు. కింద మూడు గదులు, పైన కాపురం, ముందు రేకుల షెడ్డు, షెడ్డు నిండా జనం. చుట్టుపక్కల డాక్టర్లంతా ఒక్కొక్కరే పట్నాలకు మకాం మార్చాక ఆ జనమంతా వచ్చి ఆమె మీద పడ్డారు. మధ్యాహ్నం అన్నానికి లేస్తే చాలు, "అమ్మగారు లేచిపోతన్నారండోయ్" అని గగ్గోలు. కుముదిని తిడుతుంది. ఉప్పు మానలేదని తిడుతుంది, చుట్ట మానలేదని తిడుతుంది, ఆలస్యంగా వచ్చావని తిడుతుంది, ఏమీ లేకపోతే ఏమీ లేకుండా ఎందుకొచ్చావని తిడుతుంది. అయినా వస్తారు. "నోరు చేదుగానీ హస్తవాసి మంచిదండి ఆయమ్మది" అంటారు. కొట్లో కొన్న మాత్రలు మళ్ళీ పట్టుకొచ్చి ఆమె చేతికిచ్చి, ఆమె చేతి మీదుగా తీసుకుంటేగానీ వేసుకునేవారు కాదు. ఆమె విసుక్కునేది. విసుక్కుంటూనే లోలోపల పొంగిపోయేది.

చివరికి మణికట్లు వాచి పెన్ను పట్టుకోవడమే కష్టమైపోయింది. పెద్ద డాక్టరు అజమాయిషీలో ఫిజీషియన్ అసిస్టెంట్లు పేషెంట్లను చూసి మందు రాయవచ్చని ప్రభుత్వం అప్పటికే అనుమతి ఇచ్చింది.

"పెట్టుకో కుముదం, ఎవరో ఒకర్ని పెట్టుకో," అన్నాడు ఆమె భర్త వరాహమూర్తి. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఉద్యోగం భార్య మీద జోకులు వేయడమే. "లేకపోతే వచ్చే జన్మలో నేను జలుబుగా పుడతాను. అప్పుడైనా నా చెయ్యి పట్టుకుని చూస్తావు."

ఇంటర్వ్యూకి ఒక కుర్రాడు వచ్చాడు. అడగని ప్రశ్నలకు కూడా జవాబులు చెప్పాడు. బంగారు పతకం తెచ్చుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది. కుముదిని ఇద్దరికీ కాఫీలిచ్చి సాగనంపింది. ఆఖరున వచ్చింది ఎస్తేరు. రాజోలు దగ్గర పల్లె, నూనె రాసి బిగించిన జడ. తెలియని ప్రశ్న వచ్చినప్పుడల్లా, "ఇది తెలీదండి మేడమ్ గారండి, నేర్పితే నేర్చుకుంటానండి," అంది. ఈ పిల్ల నోట్లో వేలు పెట్టినా కొరకదు, మన మాట దాటదు అనుకుంది కుముదిని. ఉద్యోగం ఇచ్చేసింది.

ఒకరి చేతి స్పర్శని ఇంకొకరి చేతికి అందించే స్పర్శ తొడుగులు తెప్పించింది వరాహమూర్తి. అవి అప్పుడే కొత్తగా వచ్చాయి. ఉల్లిపొరంత పలచగా రెండు జతలు. ఎలా పనిచేస్తాయో ఆయన బోర్డు మీద గీసి చెప్పబోయాడు.

"మీ పాఠం తర్వాత. ముందు తొడగండి," అంది కుముదిని. ఒక జత తను వేసుకుని, రెండో జత వేసుకున్న ఎస్తేరుని అవతలి గదికి పంపింది. పొగలు కక్కుతున్న కాఫీ గ్లాసు మీద వేలు పెట్టింది.

"అమ్మోయ్, కాలిందండి!" అని అవతలి గదిలోంచి కేక.

తర్వాత వరాహమూర్తిని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కింది. ఎస్తేరు గుమ్మం దగ్గర ఖాళీ చేతులు గాలిలో చాచి నిలబడింది. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "సార్ గారి పొట్టలో కుడిపక్క అంచులా ఏదో తగుల్తుందండి."

"అది లివరు. అంత కిందికి రాకూడదు. సారుగారు నాకు తెలియకుండా జీడిపప్పు పకోడీలు తింటున్నారు."

"ఇది శిక్షణా, నా మీద నిఘానా?" అన్నాడు వరాహమూర్తి పడుకునే.

అలా మొదలైంది. కుముదిని వేళ్ళకి ఏది తగిలితే అది ఎస్తేరు వేళ్ళకి తగిలేది. తగిలినదంతా తొడుగులు దాచుకునేవి కూడా. కావాలంటే మళ్ళీ తిప్పి వేళ్ళకి వినిపించేవి. కాకపోతే తొడుగు స్పర్శని మోస్తుందిగానీ అర్థాన్ని మోయదు. ఇది వాపు, ఇది గడ్డ, ఇది ఒట్టి కొవ్వు అని మనిషే చెప్పాలి. ఎప్పుడో ఒకసారి తొడుగుల మీట ఇటు తిప్పి, ఎస్తేరు వేళ్ళకి తగిలినది కుముదిని తన వేళ్ళతో సరిచూసుకునేది. శిక్షణ అయిపోయాక ఆ మీట కట్టేస్తానని పిల్లకి మాట కూడా ఇచ్చింది.

కుముదిని తండ్రి పసరు వైద్యుడు. కామెర్లకీ పక్షవాతానికీ మందిచ్చేవాడు. "శిష్యుడికి అన్నీ నేర్పు, ఒక్కటి దాచుకో. ఆ ఒక్కటే నీ అన్నం," అనేవాడు. ఆయన దాచుకున్న కామెర్ల మందు ఆయనతోనే కాటికి పోయింది. చదువుకున్న కుముదిని ఆ మాటకి నవ్వేది. కానీ చిన్నప్పుడు చెవిన పడ్డది ఎక్కడికి పోతుంది?

శిక్షణ ముగుస్తుందనగా పెళ్ళి వంటలు చేసే ఒకాయన వచ్చాడు. బక్కపలచటి మనిషి. "నడుం దగ్గర నొప్పండి. గ్యాసండి," అన్నాడు. గోదావరి జిల్లాల్లో తలనొప్పి దగ్గర్నుంచి అల్లుడి అలక దాకా అన్నిటికీ గ్యాసే కారణం. కుముదిని బొడ్డుకి పైన రెండు చేతులూ వేసింది. ఎస్తేరు పక్కనే నిలబడి ఉంది.

"ఏదో కొట్టుకుంటందండి. వేళ్ళని పక్కలకి తోసేస్తుందండి," అంది ఆ పిల్ల.

ఆ పక్కలకి తోయడమే కుముదిని విద్యంతటికీ శిఖరం. స్కాన్ మిషన్లు ఊరూరా ఉన్నా, ఏ పొట్టకి స్కాన్ కావాలో చెప్పేది చెయ్యే. బిగుసుకున్న పొట్ట మీద కూడా దాన్ని పట్టగలదని కాకినాడ సర్జన్లు ఆమెకి దండం పెట్టేవారు. చెప్పడానికి నోరు తెరిచింది. "ఏం లేదు. సన్నటివాళ్ళకి అలాగే కొట్టుకుంటుంది. గ్యాస్," అన్న మాట నోట్లోంచి వచ్చేసింది. ఎస్తేరుని బీపీ మిషన్ తెమ్మని పంపి, ఆ పిల్ల తిరిగొచ్చేలోగా వంటాయన కొడుకుని పక్కకి పిలిచి ఈరోజే కాకినాడ తీసుకెళ్ళమని చెప్పింది. వంటాయనకి ఆపరేషన్ అయింది, బతికాడు. ఎస్తేరుకి రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు.

రాకపోవడానికి కారణం జనం.

మొదట్లో షెడ్డులో పెద్దావిడ వరస, చిన్నావిడ వరస అని రెండుండేవి. చిన్నావిడ వరసలో ఎవరూ నిలబడేవారు కాదు. కంపౌండరు బతిమాలి పంపాల్సి వచ్చేది. వానలు తగ్గేసరికి కంపౌండరు పెద్దావిడ వరసలోకి జనాన్ని బతిమాలడం మొదలుపెట్టాడు. ఎస్తేరు అందరినీ "బాబాయ్, పిన్నీ" అని పిలిచేది. చెయ్యి వేసే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకునేది. "చిన్న డాక్టరమ్మ చెయ్యేస్తే సగం రోగం అక్కడే పోద్దండి," అని ఎవరో అన్నారు. ఆ మాట కుముదిని గది కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఒకరోజు ముసలావిడ ఒకతె మాత్రల పొట్లం పట్టుకుని కుముదిని గుమ్మం ముందు నుంచే నడిచిపోయి, ఎస్తేరు చేతిలో పెట్టి, కళ్ళకద్దుకుని తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా ఈమె మాత్రలు ముట్టుకున్నది ఎవరమ్మా?

"ఏకై వచ్చి మేకై కూర్చుందండీ," అంది కుముదిని ఆరోజు భోజనాల దగ్గర.

"నీ చెయ్యే కదా అది. నీ వేళ్ళే కదా నేర్పాయి. నీ పేరే కదా నిలబడేది," అన్నాడు వరాహమూర్తి.

"ఆ ముక్క ఎవడికి తెలుసు? నా చెయ్యి పెట్టుకుని అది ఊరేగుతోంది."

"వంకాయ కూరలో ఉప్పు వేయలేదు నువ్వు."

"ఉప్పు మీకు మంచిది కాదు!" అని అరిచింది. నిజానికి మర్చిపోయింది.

అసూయ వయసుతో తగ్గుతుందంటారు. అనేవాళ్ళకి పైకొచ్చే అసిస్టెంట్లు ఉండి ఉండరు. కుముదిని ఆ పిల్ల చీరల మీద కన్నేసింది, నవ్వు మీద కన్నేసింది, ప్రసవానికొచ్చినావిడ బిడ్డకి ఎస్తేరు రాణి అని పేరు పెట్టారని విని ఆ పూట టిఫిను మానేసింది. తన చేతిలో లేనిది దాని చేతిలో ఏముంది? అదే తేల్చుకోవాలనుకుంది. కడతానన్న మీట కట్టలేదు. మధ్యాహ్నం వెనకగదిలో కూర్చుని తలుపేసి తొడుగులు వేసుకుంది. గోడకి అవతల ఎస్తేరు, ముట్టుకున్నదంతా దాచి ఉంచడానికి ఎప్పటిలాగే తన జత వేసుకుని, పేషెంట్లను చూస్తోంది.

మొదటి పొట్ట తగలగానే ఉలిక్కిపడింది. నానిన పిండిలా ఉంది. ఇంత మెత్తటి పొట్టని ఆమె తన సర్వీసులో ముట్టుకోలేదు. కండరాలు పోయే జబ్బేమో అనుకుంది. రెండో పొట్టా అంతే. మూడోదీ అంతే. నాలుగోది ఎవరిదో గొంతు వింటే తెలిసింది. నిన్న తను చూసిన మనిషే. నిన్న ఆ పొట్ట చెక్కలా ఉంది. ఈరోజు ఎస్తేరు చెయ్యి వెయ్యగానే నెమ్మదిగా వదులైపోయి, లోపలున్నవన్నీ అందించేస్తోంది.

అప్పుడు అర్థమైంది. పొట్టలు పుట్టుకతో బిగుసుకుని ఉండవు. తన చేతి కింద బిగుసుకుంటాయి. "చుట్ట మానమన్నానా లేదా" అని కేకలేస్తూ నొక్కితే ఏ పొట్ట మాత్రం బిగుసుకోదు? ఇన్నేళ్ళూ జనం భయాన్ని వేళ్ళతో తోసుకుంటూ లోపలికి వెళ్ళి, అదే గొప్ప విద్య అనుకుంది. కుముదినికి ఏడుపొచ్చింది. అంతకన్నా ముందు ఒళ్ళు మండింది. బుద్ధి తెచ్చుకుని మీట కట్టేయాల్సింది. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఆ మర్నాడూ కూర్చుంది. పుండు గోక్కున్నట్టు రోజూ ఆ మెత్తదనాన్ని తడుముకునేది.

అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం దొరబాబు వచ్చాడు. రైసుమిల్లులో మూటలు మోసి మోసి ఆపేసిన మనిషి. నోట్లో చుట్ట లేకపోతే గుర్తుపట్టలేరు. కుముదిని తిట్లకి జడిసి ఏడాదిగా ఈ వైపే రాలేదు. చిన్న డాక్టరమ్మ ఉందని విని వచ్చాడు.

"గ్యాసమ్మా. పొట్టలోంచి వెన్నులోకి పోతంది," అని అతని గొంతు గోడవతల.

"పడుకో బాబాయ్. మోకాళ్ళు ముడుచుకో. ఊపిరి వదిలెయ్."

వెనకగదిలో కుముదిని చేతుల మధ్య ఆ పొట్ట మెత్తగా తెరుచుకుంది. దాని అడుగున ఏదో కొట్టుకుంది. వేళ్ళని పైకి ఎత్తడం లేదు. కొట్టిన ప్రతిసారీ రెండు చేతుల్నీ పక్కలకి తోస్తోంది. ఇంత స్పష్టంగా దాన్ని ఆమె ఎన్నడూ ఎరగదు. పెద్దది. ఈ వారంలోనో వచ్చే వారంలోనో పగిలేలా ఉంది.

"కొట్టుకుంటందేంటమ్మా లోపల?" అన్నాడు దొరబాబు.

"సన్నటివాళ్ళకి అలాగే కొట్టుకుంటుంది బాబాయ్. గ్యాసే," అంది ఎస్తేరు. అచ్చంగా కుముదిని మాట, కుముదిని విరుపుతో సహా.

కుముదిని కుర్చీలోంచి లేవలేదు. లేచి వెళ్తే ఈ గదిలో ఏం చేస్తున్నావని అడుగుతారు. లేవకపోతే దొరబాబు ఏ రోడ్డు మీదో కూలిపోతాడు. అప్పుడు ఊరంతా, చూసింది ఎవరు, చిన్న డాక్టరమ్మ కదా, అంటుంది. ఆ వరస మళ్ళీ ఈ వరసలో కలుస్తుంది. ఈ ఆలోచన వచ్చింది. రాలేదని ఆమె ఆ తర్వాత ఎవరి దగ్గరా బుకాయించలేదు. దొరబాబు బయటికి వెళ్ళాడు, కొట్లో మాత్రలు కొన్నాడు, వాటిని ఎస్తేరు చేతికి తాకించుకున్నాడు, ఆటో మాట్లాడుకున్నాడు. అంతసేపూ ఆమె కూర్చునే ఉంది. ఆటో స్టార్టయిన చప్పుడు విన్నాక మాత్రం కాళ్ళు వాటంతటవే లేచాయి.

చెప్పులు లేకుండా షెడ్డు దాటి రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చిన డాక్టరమ్మని మండపేట అంతవరకూ చూడలేదు. "దిగు! దిగరా దొరబాబూ!" అని ఆటోకి అడ్డం నిలబడింది. చుట్ట సంగతి తెలిసిపోయిందనుకుని దొరబాబు వణికిపోతూ దిగాడు. లాక్కొచ్చి బల్ల మీద పడుకోబెట్టి, తొడుగులు తీసి తెల్లకోటు జేబులో కుక్కుకుని, చేతులు వేసింది. పొట్ట బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా ఏమీ అందలేదు. జనం గుమ్మంలో మూగారు.

"వదులుగా ఉంచు!"

"మీరు ముట్టుకుంటే భయమండి అమ్మగారూ, నేనేం చేసేదండి," అన్నాడు దొరబాబు ఏడుపు గొంతుతో.

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. కుముదిని ఆ పొట్ట మీంచి చేతులు తీసేసింది. తర్వాత జేబులోంచి తొడుగులు తీసి మళ్ళీ వేసుకుని పిలిచింది. "ఎస్తేరూ, ఇలా రా. నీ చేతులు వెయ్యి. అతను నీ చేతికైతే వదులవుతాడు."

ఎస్తేరు అరచేతులు రుద్దుకుని వేసింది. "ఇప్పుడు చెప్పు, పైకి తోస్తోందా, పక్కలకా?"

"పక్కలకండి."

"పైకి తోస్తే ఒట్టి నాడి. సన్నటివాళ్ళకి ఉంటుంది. పక్కలకి తోస్తే లోపల పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బిందని. పగిలితే మనిషి దక్కడు. కంపౌండరూ, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. కాకినాడ."

ఇన్నేళ్ళు దాచుకున్న ఒక్కటీ అంతమంది మధ్య అలా బయటపడిపోయింది.

దొరబాబుని అంబులెన్సు ఎక్కించాక (అతను బతికాడు, చుట్ట మానలేదు) ఎస్తేరు లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కుముదిని చేతులకేసి చూస్తోంది.

"మీ చేతులకి తొడుగులెందుకున్నాయండి మేడమ్ గారండి? నేర్పడం అయిపోయింది కదండీ."

కుముదిని అన్నీ చెప్పింది. మీట కట్టలేదని చెప్పింది. ఎందుకు కట్టలేదో చెప్పింది. ఎస్తేరు వింటూ ఉంది. కోపం తెచ్చుకుంటుందని ఎదురుచూసింది కుముదిని. తెచ్చుకుంటే బాగుండుననిపించింది. ఆ పిల్ల అడిగింది వేరు.

"ఆ వంటాయనకీ ఇదేనాండి?"

"ఇదే."

"మరి అప్పట్నుంచి నేను ఇంకెంతమందికి గ్యాసని చెప్పేనోనండి?"

ఆ ప్రశ్న కుముదినికి అంతవరకూ తట్టనే లేదు. తన అసూయ చుట్టూ తను తిరుగుతూ అటువైపు చూడనే లేదు.

ఆసుపత్రి మూసేసి, తొడుగులు దాచుకున్న స్పర్శలన్నీ వరాహమూర్తి వెనక్కి తిప్పాడు. ఆయన ఆరోజు ఒక్క జోకు కూడా వేయలేదు. ఎస్తేరు ముట్టుకున్న ప్రతి పొట్టా మళ్ళీ కుముదిని చేతుల్లోకి వచ్చింది. మెత్తగా, నిర్భయంగా, ఒకదాని తర్వాత ఒకటి. ఒట్టి నాడి, ఒట్టి నాడి, ఒట్టి గ్యాస్. ప్రతిదానికీ ఇద్దరూ ఊపిరి పీల్చుకునేవారు. చాలా పొట్టలు దాటాక కుముదిని చేతులు రెండూ పక్కలకి జరిగాయి.

"ఎవరిది?" అంది.

వరాహమూర్తి కంప్యూటరు తెర మీద పేరు చూశాడు. "వీర్రాజు. ఏడిద ఊరు."

ఎస్తేరు ఫోన్ చేసింది. రెండు మాటలు విని ఫోన్ దించేసింది. వీర్రాజు కిందటి నెలలో కొబ్బరితోటలో కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. అంతా గుండెపోటన్నారు. కాల్చేశారు.

తొడుగు మాత్రం ఆగలేదు. కాలిపోయిన మనిషి నాడి కుముదిని చేతుల మధ్య ఇంకా కొట్టుకుంటోంది. ఎస్తేరు చెయ్యి కింద ఆ పొట్ట ఎంత నమ్మకంగా పడుకుందో ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆపమని వరాహమూర్తికి చెప్పలేకపోయింది.

"నా చేతులతో పంపేసేనండి. రాగి జావ తాగమని చెప్పి పంపేసేనండి," అని ఎస్తేరు గోడకి జారగిలబడి ఏడ్చింది.

"నీ చెయ్యి కాదే అది," అంది కుముదిని. అని, ఎస్తేరుని అక్కడే ఉంచి, ఒక్కతే ఏడిద బయల్దేరింది.

వీర్రాజు భార్య నూకరత్నం వాకిట్లో కొబ్బరాకులు చీరి ఈనెలు తీస్తోంది. డాక్టరమ్మని చూసి కంగారుగా లేచి పీట వేసింది. కుముదిని కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"గుండెపోటు కాదమ్మా. కడుపులో రక్తనాళం పగిలింది. మా ఆసుపత్రిలో కనిపెట్టాల్సింది. ఆ పిల్ల వేళ్ళకి తగిలింది కూడా. దాన్ని గ్యాసనుకోమని నేర్పింది నేను. తెలిసే తప్పు నేర్పాను, నాకన్నా ఎక్కడ మిన్న అవుతుందోనని. మీ ఆయన మీద పడ్డ ఆ చెయ్యి నాదమ్మా. కేసు పెట్టినా, నలుగుర్నీ పిలిచి అడిగినా, ఇదే చెబుతాను."

నూకరత్నం ఈనె పుల్లని రెండుగా విరిచింది, నాలుగ్గా విరిచింది. ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని కుముదిని చేతులకేసి చూసింది.

"కాదండి," అంది.

"ఏంటమ్మా కాదు?"

"మీ చెయ్యి మా ఆయన ఎరుగునండి. ఎప్పుడో జొరానికి మీరే చూసేరు. ఇంటికొచ్చి, రాయితో నొక్కినట్టు నొక్కేసిందే అన్నారండి. ఈసారలా కాదండి. ఆ పిల్ల చెయ్యేస్తే మా అమ్మ చెయ్యేసినట్టుందే అని, తోటకెళ్ళిన ఆ పొద్దుటిదాకా చెప్పుకున్నారండి." చేతిలోని పుల్లలు కింద పడేసింది. "తప్పు మీదంటే మీదేనండి. దాని సంగతి మా అబ్బాయొచ్చేక అడుగుతాం. చెయ్యి మాత్రం మీది కాదండి. ఆ పిల్లదే."

కుముదిని అక్కడ సిగ్గుతో చచ్చిపోవాలి. ఆ ఇల్లాలి కాళ్ళ మీద పడాలి. పడాలనే వచ్చింది. కానీ ఆ మాట చెవిన పడగానే, అన్నిటికన్నా ముందు, ఆమె కడుపులో ఆ పాత అసూయే చురుక్కుమంది.